ఫోలియా నేర్చుకోవాలంటే సోర్ రాసిందా, జూలియానీ రాసిందా?

నైలాన్ తీగల గిటారుతో కొన్నేళ్లు గడిపిన ప్రతివారికీ ఒక దశ వస్తుంది. కార్కాసీ రాసిన 25 ఎట్యూడ్లలో (అభ్యాస రచనల్లో) సగానికి పైగా చేతికి వచ్చి ఉంటాయి. టారెగా ‘లాగ్రిమా’ను ఇంటికొచ్చిన చుట్టాలందరికీ వినిపించడం అయిపోయి ఉంటుంది. ఇక నలుగురి ముందు కూర్చుని వాయించదగ్గ పెద్ద రచన ఒకటి కావాలనిపిస్తుంది. అలాంటప్పుడు వేరియేషన్ల వైపు చూడటం మంచి ఆలోచనే. ఒకే బాణీ, దానికి వరుసగా నాలుగో ఆరో రూపాలు. వారానికి ఒకటి చొప్పున పట్టుకోవచ్చు, చేతకానిదాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు. వాటిలోనూ పాత జానపద, నాట్య బాణీల మీద 19వ శతాబ్దపు గిటారు విద్వాంసులు రాసినవి ఇంకా అనువైనవి. ఆ బాణీలు వినగానే పట్టుబడతాయి, రాసినవాళ్లు తమ చేతులతో వాయించి చూసుకుని రాశారు.

ఆ బాణీలన్నిటిలో నేను మొదట చెప్పేది ఫోలియా. ఇది ఐబీరియా ద్వీపకల్పంలో, పోర్చుగల్ వైపు పుట్టిన నాట్యం. 1611లో స్పెయిన్ నిఘంటుకారుడు కోవర్రూబియాస్ దీన్ని గోలగోలగా, ఒళ్లు తెలియకుండా ఆడే ఆటగా వర్ణించాడు. శతాబ్దం ముగిసేలోపు అదే బాణీ నెమ్మదించి, గంభీరమై, రాజాస్థానాల్లో కుదురుగా కూర్చుంది. 1672లో ఫ్రాన్స్‌లో లల్లీ, 1674లో అయిదు జతల తీగల గిటారు కోసం గాస్పర్ సాన్స్, 1700లో వయొలిన్ కోసం కొరెల్లీ దాన్ని చేపట్టారు. కొరెల్లీ తర్వాత ఐరోపాలో ఫోలియాను ముట్టుకోని వాద్యకారుడు అరుదు. అందువల్ల 19వ శతాబ్దపు గిటారు విద్వాంసులకు అది అప్పటికే పాత సరుకు. కొత్తగా ఏం చేయగలరో చూపించుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

ఈ బాణీ మీద ఆ కాలం గిటారిస్టులు రాసినవాటిలో ఎక్కువగా వినిపించేవి రెండు. ఫెర్నాండో సోర్ ఓపస్ 15ఎ, మౌరో జూలియానీ ఓపస్ 45 (ఓపస్ అంటే అచ్చయిన రచనకు ఇచ్చే వరుస అంకె). సోర్‌ది ఇ మైనర్. బాణీ, నాలుగు వేరియేషన్లు, చివర ఇ మేజర్‌లో ఒక మినుయెట్ (మూడు దెబ్బల ఫ్రెంచి నాట్య బాణీ). జూలియానీది ఎ మైనర్. బాణీ, ఆరు వేరియేషన్లు. పేజీలు లెక్కపెట్టి సోర్‌ది చిన్నది కాబట్టి ముందు అదే అందుకోమని చాలామంది సలహా ఇస్తారు. నాకు ఆ సలహా నచ్చదు. నాలుగే వేరియేషన్లున్న చోట తడబాటును దాచుకోవడానికి జాగా ఉండదు.

ముందు బాణీని దగ్గరగా చూడాలి. మొత్తం 16 బార్లు (తాళంలో ఆవర్తనాల్లాంటివి), ఒక్కోదానిలో మూడు దెబ్బల లయ. మొదటి దెబ్బ మీద ఒక స్వరం పడుతుంది, రెండో దెబ్బ మీద పడ్డ స్వరం సాగుతుంది. బరువంతా ఆ రెండో దెబ్బ మీదే. వయొలిన్ వాయించేవాడు కమాను లాగుతూ ఆ స్వరాన్ని పెంచగలడు, గిటారిస్టుకు ఆ వీలు లేదు. మీటిన క్షణం నుంచి స్వరం తగ్గుతూనే ఉంటుంది. ఫోలియా గిటారు మీద నిలబడుతుందా కూలుతుందా అన్నది ఆ ఒక్క స్వరాన్ని ఎలా మీటుతారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. మొదటి దెబ్బను కొంచెం తగ్గించి, రెండోదాన్ని వేలి కండతో నిండుగా మీటితే చాలావరకు పని జరుగుతుంది. గోరు అంచుతో గట్టిగా కొడితే శబ్దం పెరుగుతుంది, నిడివి పెరగదు.

కార్డ్‌ల (కలిపి మోగించే స్వరాల గుంపుల) వరుస కూడా మారదు. ఇ మైనర్‌లో అయితే ఇ మైనర్, బి, ఇ మైనర్, డి, జి, డి, ఇ మైనర్, బి. రెండో సగంలో మళ్లీ అదే వరుస, చివర బి మీదుగా ఇ మైనర్‌లో ముగింపు. కర్ణాటక సంగీతం చెవిలో ఉన్నవారికి ఇక్కడ ఒక తమాషా వినిపిస్తుంది. ఇ ని షడ్జమం అనుకుంటే రెండో బార్‌లో బి కార్డ్ తెచ్చే డి షార్ప్ కాకలి నిషాదం, నాలుగో బార్‌లో డి కార్డ్ తెచ్చే డి కైశికి నిషాదం. అంటే కీరవాణిలో మొదలై రెండడుగులు వేయగానే నటభైరవిలోకి జారి, సగం ముగిసేసరికి మళ్లీ కీరవాణికి చేరుతుంది. ఈ రెండు నిషాదాల మధ్య తేడా వినిపించేలా వాయించినవాడే ఫోలియా వాయించినట్టు. మిగిలినవాళ్లు కార్డ్‌లు మారుస్తున్నట్టు.

ఇప్పుడు శ్రుతుల సంగతి, అంటే ఎ మైనర్, ఇ మైనర్‌ల సంగతి. నా దృష్టిలో ఈ రెండు రచనల మధ్య అసలు తేడా ఇక్కడే మొదలవుతుంది. బాణీని మూల మంద్ర స్వరాలతో సాదాగా పట్టుకుని చూడండి. ఎ మైనర్ శ్రుతిలో ఎ మైనర్ కార్డ్‌కు అయిదో తీగ ఖాళీగా, అంటే ఎడమచేత్తో నొక్కకుండానే, మోగుతుంది, ఇ కార్డ్‌కు ఆరో తీగ ఖాళీగా మోగుతుంది. ఎడమచేతి వేళ్లు మంద్రం కోసం దిగాల్సింది జి, సి కార్డ్‌లకే, అంటే బాణీ కాస్త సేదతీరే చోట. ఇ మైనర్‌లో వ్యవహారం వేరు. ఇ మైనర్‌కు ఆరో తీగ, డి కార్డ్‌కు నాలుగో తీగ ఖాళీగా దొరుకుతాయి. బి కార్డ్ మంద్రాన్ని మాత్రం అయిదో తీగ రెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ కడ్డీ) దగ్గర వేలితో నొక్కి పట్టాలి. బాణీలో ఉద్రిక్తత అంతా ఆ బి దగ్గరే ఉంది, డి షార్ప్ సాగాల్సిందీ అక్కడే. ఖాళీ తీగల లెక్క తీస్తే రెండు శ్రుతులకూ పెద్ద తేడా రాదు. అవి ఎక్కడ దొరుకుతున్నాయన్నదే ముఖ్యం. జూలియానీ ఎంచుకున్న శ్రుతిలో కష్టమైన చోట ఎడమచెయ్యి స్వేచ్ఛగా ఉంటుంది, పైతీగల మీద ఎంత దూరమైనా వెళ్లి రావచ్చు. సోర్ ఎంచుకున్న శ్రుతిలో సరిగ్గా ఆ చోటే చెయ్యి కట్టుబడి ఉంటుంది.

సోర్ దాన్ని కావాలనే చేశాడని నేను చెప్పను. కానీ అతని పెంపకానికి అది సరిపోతుంది. 1778లో బార్సిలోనాలో పుట్టి, మోన్సెరాత్ మఠంలోని బాలగాయకుల పాఠశాలలో సంగీతం నేర్చుకున్నాడు. నలుగురు నాలుగు గొంతులతో పాడుతుంటే వింటూ పెరిగినవాడు గిటారు మీద కూడా అలాగే రాస్తాడు. అతనికి కార్డ్ అంటే వేళ్ల ఆకారం కాదు, మూడు నాలుగు గొంతులు ఒకచోట కలిసిన క్షణం. పై గొంతు సాగుతుండగా లోపలి గొంతు కదలాలి, కింది గొంతు తన వంతు వచ్చినప్పుడే మాట్లాడాలి. 1830లో ప్యారిస్‌లో అచ్చయిన తన గిటారు బోధినిలో కుడిచేతికి మామూలుగా బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు చాలంటాడు. ఉంగరపువేలిని అవసరమైనప్పుడే పిలుస్తాడు. గోళ్లు పెంచడం అతనికి నచ్చదు. అలాంటివాడి ఫోలియాలో భారం ఎక్కువగా పడేది ఎడమచేతి మీద, మరీ ముఖ్యంగా చిటికెనవేలి మీద. ఒక స్వరాన్ని పట్టి ఉంచుతూ పక్క వేళ్లను కదిలించగలరా? అది చేతనైతే సోర్ మీకు కష్టమనిపించడు. చేతకాకపోతే, స్వరాలన్నీ సరిగ్గానే పడుతున్నా వింటుంటే తెగిపోయిన పూసల దండలా ఉంటుంది.

జూలియానీ దారి వేరు. ఇటలీ దక్షిణాన బిషేల్యేలో 1781లో పుట్టి, 1806లో వియన్నా చేరి 1819 దాకా అక్కడ ఉన్నాడు. అది పియానో రాజ్యమేలుతున్న నగరం. చిన్న గొంతున్న గిటారును ఆ ఊళ్లో కచేరీ వాద్యంగా నిలబెట్టాలంటే మెరుపు కావాలి. అందుకని అతని వేరియేషన్లలో సాధారణంగా ఒక్కోదానికి ఒక్కో నడక ఉంటుంది, అది మొదలైతే చివరిదాకా సాగుతుంది. కుడిచేతి వేళ్లు నాలుగూ పనిచేయాలి. అతని ఓపస్ 1లో రెండే కార్డ్‌ల మీద 120 కుడిచేతి అభ్యాసాలున్నాయి. వాటిని శ్రద్ధగా చేసినవారికి ఓపస్ 45 తెలిసిన ఊరిలాగే ఉంటుంది. ఒక వేరియేషన్ మొదటి రెండు బార్లు చేతికి వస్తే మిగతా 14 బార్లకు దారి తెలిసిపోతుంది. పైగా అది వాయించేవాడి కష్టం కంటే ఎక్కువ కష్టంగా వినిపిస్తుంది. కచేరీలో అది చిన్న లాభం కాదు. సోర్‌ది దీనికి తలకిందులు. చమటలు పట్టేలా వాయించినా వినేవాళ్లకు సులువుగానే ఉన్నట్టు తోస్తుంది.

జూలియానీలో చాలామంది పట్టించుకోని కష్టం ఒకటుంది. మంద్ర స్వరాల తర్వాత అతను విరామ చిహ్నాలు జాగ్రత్తగా వేస్తాడు. అంటే అక్కడ ఆ స్వరం ఆగాలి. ఎ మైనర్‌లో మంద్రాలు ఖాళీ తీగలు కాబట్టి వదిలేస్తే మోగుతూనే ఉంటాయి. ఇ కార్డ్ కోసం మీటిన ఆరో తీగ తర్వాతి బార్‌లోని ఎ మైనర్‌లోకి పొంగి వస్తుంది. బొటనవేలిని వెనక్కి తెచ్చి తీగ మీద ఆనించి ఆపాలి, అదీ మిగతా మూడు వేళ్ల నడక చెదరకుండా. నేటి గిటార్ల మంద్రం ఆ కాలపు వాటికన్నా గట్టిగా, ఎక్కువసేపు మోగుతుంది కాబట్టి ఈ పని ఇంకా పెరిగింది. అచ్చులో కనిపిస్తున్న ఆ చిన్న గుర్తును దాటేసి వాయించే జూలియానీ ఆర్భాటంగా, మురికిగా ఉంటుంది. అతనిది పైపై మెరుపేనన్న చెడ్డ పేరులో సగం ఈ నిర్లక్ష్యం వల్ల వచ్చిందేనని నా అనుమానం.

వాద్యం గురించి రెండు మాటలు. మన ఊళ్ల దుకాణాల్లో గిటారు అడిగితే చేతిలో పెట్టేది ఎక్కువగా స్టీల్ తీగల గిటారే, మెడ 43 మిల్లీమీటర్ల వెడల్పుతో. ఈ రెండు రచనల్లో ఏదీ దాని మీద సరిగ్గా కూర్చోదు, వేళ్లు పక్క తీగలకు తగులుతాయి. 50 నుంచి 52 మిల్లీమీటర్ల మెడ ఉన్న నైలాన్ తీగల గిటారు కావాలి. తీగ పొడవు నేడు మామూలుగా 650 మిల్లీమీటర్లు. ప్యారిస్‌లో లాకోట్, లండన్‌లో పనోర్మో, వియన్నాలో స్టౌఫర్ తయారుచేసిన ఆనాటి గిటార్లు ఒళ్లు చిన్నవి, తీగ పొడవు కూడా తరచూ 630 దరిదాపుల్లోనో అంతకన్నా తక్కువో ఉండేది. పేగు తీగలు, మంద్రానికి పట్టు మీద లోహపు తీగ చుట్టినవి. చేతులు చిన్నవైతే, సోర్ కార్డ్‌ల దగ్గర వేళ్లు సాగక నొప్పి పుడుతుంటే, తప్పు మీది కాకపోవచ్చు. 630 లేదా 640 కొలత గిటారు దొరికితే ఒకసారి దాని మీద వాయించి చూడండి. లేదంటే రెండో ఫ్రెట్ దగ్గర కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే బిగింపు) బిగించి అభ్యాసం చేయండి, సిగ్గుపడాల్సిన పని లేదు.

మరి ఏది తీసుకోవాలి? కచేరీయో పరీక్షో దగ్గర్లో ఉండి, ఉంగరపువేలు మిగతావాటితో సమానంగా మీటుతుంటే జూలియానీ. నాలుగు నెలల్లో వాయించదగ్గ స్థితికి తేవచ్చు. ఆరిట్లో రెండు వేరియేషన్లు మొండికేస్తే, వాటిని వదిలి మిగతావి ఇంట్లో వాయించుకున్నా రచన చెదిరిపోదు. సోర్‌లో అలా కోత పెట్టడానికి మనసొప్పదు, ఉన్నవే నాలుగు. తొందర లేనివారికి, ఒకే రచనతో ఏళ్ల తరబడి కాపురం చేయగలవారికి సోర్. వేగం మీద మోజున్న కుర్రవాళ్లకు నేను సోర్‌నే ఇస్తాను, వాళ్లకు నచ్చకపోయినా. అప్పటికే నెమ్మదిగా వాయించే అలవాటున్న పెద్దవాళ్లను జూలియానీ వైపు నెడతాను.

ఇంకా తేల్చుకోలేకపోతే ఒక పరీక్ష ఉంది. వేరియేషన్ల జోలికి పోకుండా రెండింటిలోనూ బాణీ 16 బార్లు మాత్రం నేర్చుకుని ఫోనులో రికార్డు చేయండి. మర్నాడు వినండి, అదే రోజు వద్దు. రెండో దెబ్బ మీద స్వరం ఏ రికార్డులో నిలబడిందో ఆ శ్రుతి మీ చేతికీ మీ గిటారుకూ పడుతున్నట్టు. కొన్ని గిటార్లలో ఖాళీ అయిదో తీగ గంటలా మోగుతుంది, ఆరోది మందంగా ఉంటుంది. అలాంటిదానితో ఇ మైనర్ పెట్టుకుని కుస్తీ పట్టడం వృథా.

ఫోలియా చీకటిగా ఉందని, మేజర్‌లో ఏదైనా చెప్పమని అడిగేవారూ ఉంటారు. వారికి సోర్‌దే ఓపస్ 28, ‘మాల్‌బ్రూగ్’ బాణీ మీద ఉపోద్ఘాతం, వేరియేషన్లు. సి మేజర్, 1827లో ప్యారిస్‌లో అచ్చయింది. ఇంగ్లండ్ సేనాని మార్ల్‌బరో ప్రభువు యుద్ధానికి వెళ్లి తిరిగిరాలేదంటూ ఫ్రెంచివాళ్లు కట్టుకున్న వెటకారపు పాట అది. నిజానికి ఆయన బతికే ఉన్నాడు. ఇంగ్లిషువాళ్లు వేడుకల్లో పాడుకునే ‘జాలీ గుడ్ ఫెలో’ది ఇదే బాణీ కాబట్టి మన శ్రోతలు కూడా గుర్తుపట్టి నవ్వుతారు. నవ్వించే బాణీ ముందు సోర్ గంభీరమైన ఉపోద్ఘాతం పెట్టడమే ఇందులోని చమత్కారం. టారెగా ‘వెనిస్ కార్నివాల్’ వేరియేషన్లు పూర్తిగా వినోదం కోసమే. పగనీనీ వయొలిన్‌తో ప్రసిద్ధం చేసిన ఆ నేపుల్స్ బాణీలో ఉన్నవి రెండే కార్డ్‌లు, కాబట్టి వాయించేవాడికి హాస్యం తెలియకపోతే రెండో నిమిషానికే విసుగు. టారెగాదే ‘గ్రాన్ హోతా’లో రెండు మంద్ర తీగలను ఒకదాని మీదికి ఒకటి లాగి నొక్కి డోలు మోత పుట్టిస్తారు, పిల్లలున్న సభలో దానికి తిరుగులేదు. సంగీతంగా మాత్రం నా లెక్కలో ఫోలియాకు అది సాటి కాదు.

కొనేటప్పుడు పేర్ల దగ్గర జాగ్రత్త. సోర్ ఓపస్ 15 అంకె కింద మూడు వేర్వేరు రచనలు అచ్చయ్యాయి, ఫోలియా 15ఎ. సి మేజర్ సొనాటా 15బి, ఇంకో బాణీ మీది వేరియేషన్లు 15సి. అంకె చూసి తెప్పించుకుంటే సొనాటా రావచ్చు. ‘సోర్ బాణీ మీద వేరియేషన్లు’ అని కనిపిస్తే అది సోర్‌ది కాదు, బార్సిలోనావాడే అయిన మిగేల్ ల్యోబెట్ 1908లో రాసింది. సోర్ ఫోలియాతోనే మొదలై, ఆయన వేరియేషన్లను కొన్నిటిని కలుపుకుని, ఆపై ఎడమచేతితో మాత్రమే వాయించేవీ హార్మోనిక్స్‌తో (తీగను తేలిగ్గా తాకి పుట్టించే సన్నని స్వరాలతో) నిండినవీ చేరుస్తుంది. అద్భుతమైన రచనే. కానీ సోర్ నాలుగూ చేతికి రాకముందు దాని జోలికి వెళ్లడం దండగ.

సోర్, జూలియానీ ఇద్దరి రచనలకూ కాపీరైట్ గడువు ఎప్పుడో తీరింది. ఆనాటి అచ్చు ప్రతులు స్టాక్‌హోమ్‌లోని బోయ్ సేకరణ, కోపెన్‌హేగన్‌లోని డెన్మార్క్ రాయల్ లైబ్రరీ సేకరణల్లో పీడీఎఫ్‌లుగా ఉచితంగా దొరుకుతాయి. వాటిలో వేళ్ల అంకెలు తక్కువ, కానీ ఏ గొంతు ఎంతసేపు సాగాలో, ఎక్కడ ఆగాలో రచయిత కాలం నాటి అచ్చులోనే చూడవచ్చు. జూలియానీ విరామ చిహ్నాలు అక్కడ ఉంటాయి, ఇంటర్నెట్‌లో తిరిగే ట్యాబ్‌లలో (ఏ తీగ, ఏ ఫ్రెట్ అన్నది అంకెలతో చూపే ప్రతుల్లో) తరచూ ఉండవు. వేళ్ల అంకెలున్న ఆధునిక ప్రతిని పక్కన పెట్టుకుని, అనుమానం వచ్చినచోట పాత ప్రతిని తెరిచి చూసుకోవడం మంచిది.

సోర్‌ను ఎంచుకున్నవారికి మిగిలే చివరి ప్రశ్న మినుయెట్. నాలుగో వేరియేషన్ దగ్గరే ఆపేసేవారున్నారు. నేను మాత్రం వాయించమనే అంటాను. షడ్జమం అదే ఉండి, సాధారణ గాంధారం పోయి అంతర గాంధారం వస్తుంది, అంతసేపు మైనర్‌లో ముణిగిన చెవికి అది హాయి. నాలుగో వేరియేషన్ అయ్యాక చేతులు తీగల మీద నుంచి తీయకుండా, రెండు శ్వాసలు ఆగి మొదలుపెట్టండి. చేతులు తీస్తే అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టేస్తారు.